మేమెవరి గుండెనూ వ్యాకోచింపజేయలేదండీ: డైలేట్ అనే ఒక్క క్రియతో మూడు వారాలు

ఫోన్ చేసింది గుండె విభాగం డాక్టరుగారు. కోపంగా లేరు, నవ్వు ఆపుకుంటున్నట్టుంది గొంతు. "మేమెవరి గుండెనూ వ్యాకోచింపజేయలేదండీ, మా దగ్గరికి వచ్చేసరికే అలా ఉంటుంది" అన్నారు. ఏం మాట్లాడుతున్నారో నాకు ఒక నిమిషం అర్థం కాలేదు. ఫైల్ తెరిచి చూస్తే మొదటి పేజీలోనే ఉంది, డైలేటెడ్ కార్డియోమయోపతీకి నా తెలుగు: "వ్యాకోచింపజేయబడిన గుండె కండర వ్యాధి". అంటే ఎవరో పనిగట్టుకుని ఆ గుండెని పట్టి సాగదీశారన్నమాట. రోగి బంధువు ఎవరైనా ఆ కాగితం పట్టుకుని వచ్చి "ఎందుకు చేశారు" అని అడిగితే ఆసుపత్రి దగ్గర జవాబు లేదు.

తప్పు నాదే. పన్నెండేళ్లుగా ఆసుపత్రి కాగితాలు తెలుగు చేస్తున్నాను, అంగీకార పత్రాలు, రోగులకిచ్చే కరపత్రాలు, డిశ్చార్జి సూచనలు. ఈ పనిలో ముందు నేర్పే సూత్రం ఒకటుంది: ఒక ఇంగ్లీషు మాటకి ఒకే తెలుగు మాట, మొదటి నుంచి చివరిదాకా. దానికోసం సాఫ్ట్‌వేర్‌లో పదకోశం పెట్టుకుంటాం, అందులో ఒకసారి ఎక్కించిన మాటని వాడకపోతే ఎర్ర గీత పడుతుంది. ఈసారి ఒకే ఆసుపత్రి నుంచి పదకొండు కాగితాలు వచ్చాయి, కంటి విభాగం, ప్రసూతి, గుండె, ఎమర్జెన్సీ, చివర్లో రెండు ఆఫీసు కాగితాలు. డైలేట్, అంటే వెడల్పవడం లేదా వెడల్పు చేయడం, చాలాచోట్ల కనిపించింది కాబట్టి మొదటి రోజే "వ్యాకోచింపజేయు" అని ఎక్కించేసి తాళం వేశాను. అదే కొంప ముంచింది. రూలు బైపాస్, మయోకార్డియం (గుండె కండరం) లాంటి నామవాచకాలకి బాగానే పనిచేస్తుంది. ఈ క్రియకి పనిచేయలేదు, పనిచేయదు కూడా. ఎందుకో, చివరికి ఏం రాశానో ఉన్నదున్నట్టు చెబుతాను, ఇలాంటి పని చేసేవాళ్లకి పనికొస్తుందని.

ముందు ఇంగ్లీషు సంగతి. డైలేట్ లాటిన్ నుంచి వచ్చింది, అందులో లాటుస్ అంటే వెడల్పు. అక్షాంశానికి వాడే లాటిట్యూడ్ కూడా ఆ వెడల్పు నుంచి వచ్చిందే. ఇంగ్లీషులో వెడల్పు చేయడానికి క్రియలు చాలానే ఉన్నాయి గానీ ఒకదాని చోట ఇంకొకటి కూర్చోదు. రోడ్డుని, తేడాని వైడెన్ చేస్తారు. ఆలోచనల్ని, పరిచయాల్ని బ్రాడెన్ చేస్తారు. ఎక్స్‌పాండ్ అన్ని వైపులకీ పెరగడం, వ్యాపారమైనా గాలి బుడగైనా. డైలేట్ మాత్రం ఎక్కువగా ఒంట్లోనే ఉంటుంది, గుండ్రటి కంతకో, గొట్టానికో, సంచిలాంటి అవయవానికో. రోడ్డుని డైలేట్ చేశారు అని ఏ ఇంగ్లీషువాడూ అనడు. (మనవాళ్లు రోడ్డు వైడెనింగ్‌ని "వైండింగ్" చేసేశారు, "మా ఇల్లు వైండింగ్‌లో పోయింది" అంటే ఇక వివరం అడగక్కర్లేదు.)

ఇంకో గుణం ఉంది దీనికి, అసలు చిక్కంతా అక్కడే. అది తనంతట తాను జరిగే పనికీ, ఎవరో చేసే పనికీ ఒకే రూపం. కనుపాప డైలేట్ అవుతుంది, డాక్టరు కనుపాపని డైలేట్ చేస్తారు, రెంటికీ ఇంగ్లీషులో ఒకటే క్రియ. డైలేటెడ్ అని విశేషణం చేస్తే అది ఎవరైనా చేశారా, అదే అయిందా, అన్నది వాక్యంలోంచి మాయం. తెలుగు దీన్ని మాయం కానివ్వదు. తెరుచుకుంది, తెరిచారు, తెరిపించారు: మూడు వేరు. ఎవరు చేశారో చెప్పకుండా మన క్రియ నోరు మెదపదు. నేను "వ్యాకోచింపజేయు" అని ఎక్కించినప్పుడే ప్రతి కాగితంలోనూ ఒక చేసేవాణ్ని కూర్చోబెట్టాను, చేసినవాడు లేని చోట కూడా.

కంటి విభాగంతో మొదలుపెడతాను, ఎక్కువ నేర్చుకున్నది అక్కడే.

కాగితంలో ఉన్నది సాదా వాక్యం: పరీక్షకి ముందు మీ ప్యూపిల్స్‌ని డైలేట్ చేయడానికి చుక్కలు వేస్తాం. సరదాకి ఒక ఉచిత అనువాద యంత్రంలో వేసి చూస్తే "మీ విద్యార్థులు విస్తరించబడతారు" అని వచ్చింది. నవ్వుకున్నాను గానీ యంత్రం మరీ దారి తప్పలేదు. లాటిన్‌లో ప్యుపిల్లా అంటే చిన్న ఆడపిల్ల, చిన్న బొమ్మ. ఎదుటి మనిషి కంట్లోకి దగ్గరగా చూస్తే మన రూపం చిట్టి బొమ్మలా కనిపిస్తుంది కదా, అందుకని కంటి మధ్యలో నల్లటి చోటుకి ఆ పేరు. చదువుకునే పిల్లలనే అర్థమూ ఆ కుటుంబం నుంచే. మనదీ అదే చూపు, కంటి పాప అన్నాం. సంస్కృతంలో కనీనిక, కన్య పక్కింటి మాట. మూడు భాషలవాళ్లు ఎదుటివాళ్ల కంట్లో చూసి ఒక పిల్లనే చూశారు.

ఆ పాపే నన్ను ఇరికించింది. వ్యాకోచం పని చేయదని తేలాక (ఎందుకో చెబుతాను), "చుక్కలు వేశాక మీ పాప పెద్దదవుతుంది" అని రాసి, కంటి విభాగం హాల్లో కూర్చున్న నలుగురైదుగురికి చదివి వినిపించాను. ఇది నాకు అలవాటు, కరపత్రం పూర్తయ్యాక ఎవరికోసం రాశామో వాళ్లకి చదివి, ఏం అర్థమైందో వాళ్ల మాటల్లోనే చెప్పమంటాను. నల్గొండ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దామె శ్రద్ధగా విని, "నాకు పాప యాడున్నది బిడ్డా, ఇద్దరూ కొడుకులే" అంది. పక్కనున్నామె అందుకుని "పెద్దమనిషి అయ్యేది మనవరాలేమో, ఫంక్షన్‌కి పిలుస్తున్నరు" అంది. హాలంతా నవ్వులు. నా కాగితం నా చేతిలోనే చచ్చిపోయింది.

వ్యాకోచం ఎందుకు వద్దన్నానంటే, అది బళ్లో చదివిన మాట. ఇనుప కడ్డీ వేడెక్కితే వ్యాకోచిస్తుంది, చల్లబడితే సంకోచిస్తుంది, రైలు పట్టాల మధ్య సందు అందుకే వదులుతారు. తెలుగు మీడియంలో చదివిన ఒక కుర్రాడు, తాతయ్యని తీసుకొచ్చాడు, "వ్యాకోచం అంటే కంటికి వేడి పెడతారా మేడమ్" అని అడిగాడు. తప్పు అతనిది కాదు, ఆ మాట అతనికి నేర్పిందే వేడితో కలిపి. చదువుకోనివాళ్లకి ఆ మాట అసలు తెలియదు, చదువుకున్నవాళ్లకి ఇంకేదో తెలుసు. ఇంతకంటే చెడ్డ పదం ఉండదు కరపత్రానికి.

సరే, డైలేట్ అనే వదిలేద్దాం, అందరూ అంటున్నారుగా అన్నారు నర్సులు. నిజమే, హాల్లో వినపడేది అదే, "డైలేట్ చేశాం, కళ్లు మూసుకుని కూర్చోండి". కానీ వినేవాళ్లలో సగంమందికి అది డైల్యూట్‌గా వినపడుతుంది. ఒకతను, నాన్నగారికి మర్నాడు అపాయింట్‌మెంట్, ఫోన్‌లో "రేపు డైలేట్ చేసి చూస్తారు" అని చెప్పారట, కౌంటర్‌కి వచ్చి "చుక్కల మందులో ఎన్ని నీళ్లు కలపాలండీ" అని అడుగుతుంటే నేను పక్కనే ఉన్నాను. అడిగాడు కాబట్టి సరిపోయింది. అడగనివాళ్ల సంగతి తలుచుకుంటే నాకు టెన్షన్.

"తెరుచుకుంటుంది" అని రాసి చూశాను. "కన్ను తెరిచే ఉంది కదమ్మా" అన్నారు. పాప మాత్రమే తెరుచుకోవడం వాళ్ల ఊహకి రావడంలేదు, ఎందుకంటే అది కంత అని ఎవరికీ తెలియదు, నల్లటి చుక్క అనుకుంటారు. అక్కడ నాకు లోపల ఏం జరుగుతుందో సరిగ్గా తెలుసుకోవాలనిపించి ఆప్టోమెట్రిస్ట్ దగ్గర కూర్చున్నాను. పాప నిజానికి ఒక కంత. చుట్టూ ఉన్న రంగు పొరలో రెండు కండరాలు. ఒకటి సంచి మూతికి వేసిన దారంలా చుట్టూ తిరుగుతుంది, బిగిస్తే కంత చిన్నదవుతుంది. రెండోది బండి చక్రం ఆకుల్లా మధ్య నుంచి అంచుకి పరుచుకుని ఉంటుంది, అది బయటికి లాగితే కంత పెద్దదవుతుంది. ట్రోపికమైడ్ చుక్కలు దారాన్ని వదులు చేస్తాయి, ఫినైలెఫ్రిన్ ఆకుల్ని లాగుతుంది, అందుకే చాలాచోట్ల రెండూ కలిపిన చుక్కలు వాడతారు. ఇంకో తమాషా ఏంటంటే పాపని డైలేట్ చేసే కండరం ఆ పనికోసం తాను ముడుచుకోవాలి. వ్యాకోచం జరగాలంటే సంకోచం కావాలి, ఇక ఆ జంట పదాలు ఇక్కడ ఎలా నిలబడతాయి?

బొమ్మ కళ్లముందుకి వచ్చాక మాట దానంతటదే వచ్చింది. విచ్చుకోవడం. పువ్వు విచ్చుకుంటుంది, మధ్య నుంచి చుట్టూరా, ఎవరూ చింపకుండా. "ఈ చుక్కలు వేశాక కంటి మధ్యలో నల్లగా కనిపించే కనుపాప కాసేపు బాగా విచ్చుకుంటుంది. అప్పుడే డాక్టరు లైటు వేసి కంటి లోపలి పొర దాకా చూడగలుగుతారు." ఇది చదివితే పెద్దామె ఇంకేం అడగలేదు, "ఎంతసేపుంటది" అని మాత్రం అడిగింది. సరైన ప్రశ్న వచ్చిందంటే వాక్యం పని చేసినట్టే. దాని జవాబు కూడా కాగితంలో చేర్చాం: విచ్చుకోవడానికి సుమారు 20 నుంచి 30 నిమిషాలు, తిరిగి మామూలు కావడానికి 4 నుంచి 8 గంటలు, కొందరికి మర్నాటి దాకా. ఈలోపు దగ్గరి అక్షరాలు మసకగా ఉంటాయి, ఎండ గుచ్చుతుంది, బండి నడపకూడదు. ఇదంతా పాత కాగితంలో ఇంగ్లీషు నుంచి వచ్చిన "తాత్కాలిక దృష్టి అస్పష్టత" అనే మూడు మాటల్లో ఇరుక్కుని ఉంది.

ఇదే విభాగంలో డైలేటెడ్ ఫండస్ ఎగ్జామినేషన్ అని ఒకటి. ఫండస్ అంటే కంటి అడుగు భాగం, అంటే లోపల వెనక వైపు. మాటకి మాట వేస్తే "వ్యాకోచించిన కంటి అడుగు పరీక్ష". వ్యాకోచించింది అడుగు కాదు, పాప. ఇంగ్లీషులో విశేషణం ఒక మాట అవతలున్నదాని మీదకి గెంతి కూర్చుంటుంది, తెలుగులో విశేషణం తన పక్కనున్నదాన్నే పట్టుకుంటుంది. "కనుపాప విచ్చుకున్నాక చేసే కంటి లోపలి పరీక్ష" అని రాశాను. పొడుగైంది. పొడుగైతే ఏం, కాగితం మీద చోటుంది.

ఇక్కడ ఆగి ఎమర్జెన్సీ కాగితం సంగతి చెప్పాలి, వరస తప్పినా సరే. తలకి దెబ్బ తగిలిన రోగి బంధువులకి పరిస్థితి వివరించే పత్రంలో ప్యూపిల్స్ ఫిక్స్‌డ్ అండ్ డైలేటెడ్ అని ఉంది. అదే కన్ను, అదే పాప, కొలిస్తే అవే మిల్లీమీటర్లు కావచ్చు. పదకోశంలో అప్పటికే కొత్త మాట ఎక్కించేశాను కదా, సాఫ్ట్‌వేర్ తనంతట తాను "కనుపాపలు విచ్చుకుని స్థిరంగా ఉన్నాయి" అని వేసింది. చదివి నాకే ఒళ్లు జలదరించింది. మెదడు లోపల ఒత్తిడి పెరిగి లైటు వేసినా పాప కదలని స్థితి అది, చాలా చెడ్డ లక్షణం. అక్కడ పువ్వు మాటేంటి? "కనుపాపలు పెద్దవైపోయాయి, లైటు వేసినా కదలడం లేదు" అని మార్చాను. "పోయాయి" అన్న ఆ చిన్న తోకలోనే ఇక చేయి దాటుతోందన్న సంగతి ఉంది, బంధువులకి వేరే చెప్పక్కర్లేదు. ఒకే అవయవానికి కూడా ఒకే మాట సరిపోలేదంటే నా మొదటి రోజు తాళం ఎంత తెలివితక్కువదో ఆ రాత్రి పూర్తిగా తెలిసింది.

ప్రసూతి విభాగంలో మాట వెతుక్కునే పని పడలేదు, వాళ్ల దగ్గర ఎప్పట్నుంచో ఉంది. గర్భసంచి మూతి తెరుచుకోవడం. నర్సులు వేళ్ల లెక్క చెబుతారు, "రెండు వేళ్లు తెరుచుకుంది", "మూడు వేళ్లు ఓపెన్ అయింది", కాన్పు దగ్గరపడితే "ఫుల్ ఓపెన్". పుస్తకం లెక్కలో పూర్తిగా అంటే 10 సెంటీమీటర్లు. గర్భాశయ గ్రీవం అని పాత అనువాదంలో ఉంది, గ్రీవం అంటే మెడ, మెడ తెరుచుకోవడమేంటని ఎవరికైనా అనుమానం వస్తుంది. ఇంగ్లీషు సెర్విక్స్ కూడా మెడే, కానీ మన ఆడవాళ్లు దాన్ని మెడ వైపు నుంచి కాదు, మూతి వైపు నుంచి చూశారు. మూతి ఉన్నది తెరుచుకుంటుంది. బాధ లేదు.

ఇక్కడ క్రియ రూపం మీద మాత్రం కాపలా పెట్టుకోవాల్సి వచ్చింది. నొప్పులు వచ్చి మూతి తెరుచుకుంటుంది, అది దానంతటది. బెలూన్ ఉన్న గొట్టం పెట్టి మూతి తెరుచుకునేలా చేస్తాం, అది డాక్టర్లు చేసేది. ఇంగ్లీషు కాగితంలో రెండూ ఒకే పేరాలో డైలేట్ అనే ఉన్నాయి, ఏది ఎవరి పనో పేరా మొత్తం రెండుసార్లు చదివితే గానీ తేలలేదు. అంగీకార పత్రంలో ఈ తేడా చిన్న విషయం కాదు, సంతకం పెట్టేది రెండోదానికే.

అదే కరపత్రంలో గంటకి 1 సెంటీమీటరు చొప్పున డైలేట్ అవుతుంది అని ఒక వాక్యం ఉంది. అనువాదకుడి పని కాదు గానీ నేను పసుపు రంగు పూసి పంపాను. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కాన్పు మీద ఇచ్చిన సూచనల్లో 5 సెంటీమీటర్ల నుంచే చురుకైన దశ లెక్కపెట్టమంది, అంతకుముందు ఎంతసేపు పడుతుందన్నది మనిషి మనిషికీ చాలా తేడా ఉంటుందని, గంటకి 1 సెంటీమీటరు లెక్క కొందరికి మరీ వేగమని చెప్పింది. తెలుగులో ఆ వాక్యం చదివిన అత్తగారు గడియారం పట్టుకుని కూర్చుంటుంది, గంట దాటగానే "ఇంకా తెరుచుకోలేదంట, ఆపరేషన్ చేయమనండి" అంటుంది. డాక్టర్లు ఆ వాక్యం తీసేశారు. ఈ మొత్తం పనిలో నాకు బాగా తృప్తినిచ్చింది అనువదించకుండా వదిలేసిన ఆ ఒక్క వాక్యమే.

డి అండ్ సి అంటే డైలటేషన్ అండ్ క్యూరెటాజ్, మూతి తెరిచి గర్భసంచి లోపలి పొరని గీకి తీయడం. ఆ పత్రం దగ్గర గొడవ పడ్డాం. ముందు చిన్న సాంకేతిక తిప్పలు: వ్యాకోచం వద్దనుకుని పాత మాటలన్నీ వెతికి మార్చేటప్పుడు నేను డైలేషన్ అని వెతికాను. ఈ పత్రంలో డైలటేషన్ అని ఉంది, మధ్యలో ఒక అక్షర గుంపు ఎక్కువ. రెండూ ఒకటే, వైద్యం పుస్తకాల్లో పొడుగుది పాత అలవాటు. వెతుకులాటలో అది తప్పించుకుని పాత తెలుగుతోనే ప్రింటుకి వెళ్లిపోబోయింది. అప్పట్నుంచి మొదటి ఐదక్షరాలే కొట్టి వెతుకుతున్నాను.

గొడవ మాట మీద. మనవాళ్లు దీన్ని డి అండ్ సి అనరు, "గర్భసంచి కడిగారు" అంటారు, లేదా "క్లీన్ చేశారు". వినడానికి మెత్తగా ఉంటుంది. కానీ అందులో డి మొత్తం పోయింది, సి సగం పోయింది. జరిగేదేంటంటే, హెగార్ డైలేటర్లని సన్నటి లోహపు కడ్డీలు వరసగా ఉంటాయి, మిల్లీమీటర్ల లెక్కన నంబర్లు, ముందు సన్నది, తర్వాత కాస్త లావుది, అలా మూతిని కొంచెం కొంచెంగా తెరుస్తారు. ఆ తర్వాత లోపలి పొరని గీకి తీస్తారు. నేను సరిగ్గా అలాగే రాశాను. ఒక సీనియర్ డాక్టరమ్మ "గీకి అంటే భయపడతారమ్మా, కడగడం అనే ఉంచండి" అన్నారు. ఆవిడ అనుభవం ముందు నేనెంత, అయినా ఒప్పుకోలేదు. కడగడానికి సంతకం పెట్టిన మనిషి గీకడానికి ఒప్పుకున్నట్టా? 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇలాంటిదే, పరీక్ష కోసం ఇచ్చిన అంగీకారం గర్భసంచి తీసేయడానికి అంగీకారం కాదని. అక్కడ విషయం చాలా పెద్దది, ఇక్కడ ఒక క్రియే, కానీ రోగికి తెలిసి ఒప్పుకోవాలన్న సూత్రం రెంటికీ ఒకటే. చివరికి శీర్షికలో "గర్భసంచి శుభ్రం చేయడం" అని వాళ్లకి తెలిసిన మాట ఉంచి, కింద మొదటి వాక్యంలోనే కడ్డీలతో మూతి తెరవడం, పొరని గీకి తీయడం, రెండూ దాచకుండా రాశాం. మత్తు ఇస్తారు కాబట్టి నొప్పి తెలియదన్న వాక్యాన్ని నాలుగో పేరా నుంచి తెచ్చి దాని పక్కనే పెట్టాం. భయానికి మందు అది, మాట మార్చడం కాదు.

ఇక మొదట ఫోన్ వచ్చిన గుండె. ఇక్కడ అందరూ అనే మాట "గుండె పెరిగింది", "గుండె పెద్దదైంది". డాక్టర్లూ అదే అంటారు. ఈ మాటతో పేచీ ఏంటంటే దానికి పూర్తిగా ఎదురు జబ్బు ఇంకొకటుంది, హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతీ, అందులో గుండె గోడ మందమవుతుంది. డైలేటెడ్‌లో గోడ పలచబడి గది సాగిపోతుంది, పిండే బలం తగ్గుతుంది. రెంటికీ "పెరిగింది" అంటే ఒక రోగి కాగితం చదివి ఇంకో రోగి జాగ్రత్తలు పాటించే ప్రమాదం ఉంది. పైగా పెరగడం అంటే మనకి మంచి మాట. ఒకాయన "గుండె పెరిగిందంటే బలమే కదా" అని భార్యకి ధైర్యం చెబుతున్నాడు, నా చెవులారా విన్నాను.

సాగింది అన్నాను డాక్టరుగారితో. ఉతికి ఉతికి ఎలాస్టిక్ పోయిన బనీను ఎలా ఉంటుంది, సైజు పెద్దదే, పట్టు లేదు. ఆయన గట్టిగా నవ్వి, "ఇన్నాళ్లూ బొమ్మ గీసి చెబుతున్నా, ఇది బాగుంది" అన్నారు. కాగితంలో బనీను పెట్టలేదు. "గుండె కండరం బలహీనపడి, గది గోడలు సాగి వెడల్పవడం" అని వచ్చింది. సాగింది, సాగదీశారు కాదు. చేసినవాడు కూడా కాగితంలోంచి లేచి వెళ్లిపోయాడు.

నాలుక కింద పెట్టుకునే మాత్ర కాగితంలో "రక్తనాళాలను డైలేట్ చేస్తుంది" అని ఉంటుంది. వదులు చేస్తుంది అంటే చాలు. వదులు అనగానే మిగతా రెండు సూచనలూ వాటంతటవే అర్థమయ్యాయి, కూర్చుని ఎందుకు వేసుకోవాలి అంటే నాళాలు వదులైతే బీపీ తగ్గి కళ్లు తిరుగుతాయి కాబట్టి, తలనొప్పి ఎందుకొస్తుంది అంటే తలలో నాళాలూ వదులవుతాయి కాబట్టి. బిగుసుకున్న వాల్వ్‌ని బెలూన్‌తో డైలేట్ చేయడానికి మాత్రం "తెరవడం", అక్కడ నిజంగానే చేసేవాళ్లున్నారు.

మొదటి ఐదక్షరాలు కొట్టి వెతకడం మొదలుపెట్టాక ఆఫీసు కాగితాలు రెండూ బయటపడ్డాయి. ఒకటి ఉద్యోగుల నియమాలు, అందులో డైలేటరీ టాక్టిక్స్. చూపులకి అదే కుటుంబం, కానీ కాదు. డైలేటరీ ఇంకో లాటిన్ క్రియ నుంచి వచ్చింది, దానికి వాయిదా వేయడమని అర్థం, వెడల్పుతో చుట్టరికం లేదు. "విస్తృత ఎత్తుగడలు" అని యంత్రం ఇచ్చింది, "కావాలని కాలయాపన చేయడం" అని మార్చాను. రెండోది ఫిర్యాదుల కమిటీ ఉత్తర్వు. ఫిర్యాదుదారు తన తండ్రికి జరిగిన వైద్యం మీద డైలేటెడ్ అపాన్ అని. ఇది ఆ క్రియకి పాత అర్థం, ఇప్పుడు కోర్టు ఇంగ్లీషులోనో పాతకాలం ఉత్తరాల్లోనో తప్ప కనపడదు: ఒక విషయం గురించి విస్తారంగా మాట్లాడటం. ఇక్కడ సాగదీశారు అని రాస్తే మర్యాద పోతుంది, కమిటీ ఆమెని వెక్కిరించినట్టుంటుంది, అసలులో ఆ వెక్కిరింపు లేదు. "వివరంగా చెప్పుకొచ్చారు" అని రాశాను. రాశాక గమనించాను, మనకీ అదే దారి ఉంది. విస్తరించడం అంటే వెడల్పవడం, విస్తరించి చెప్పడం అంటే వివరంగా చెప్పడం. కనుపాప విచ్చుకోవడానికి అన్న లాంటి మాట విప్పడం, విషయాన్ని విప్పి చెబుతాం, నోరు విప్పుతాం. సాగడం గుండెకీ, ఉపన్యాసానికీ పనికొస్తుంది. ఇంగ్లీషు ఒక్క క్రియలో మూటగట్టినదాన్ని మనం నాలుగైదు మాటల్లో పంచుకున్నాం, కానీ ప్రతి మాటలోనూ ఆ రెండు అర్థాలూ పక్కపక్కనే కూర్చున్నాయి.

పదకోశంలో ఆ ఎంట్రీ తాళం తీసేశాను. ఇప్పుడు అక్కడ తెలుగు మాట బదులు రెండు ప్రశ్నలున్నాయి: వెడల్పైంది కంతా, సంచా, గొట్టమా? చేసినవాళ్లున్నారా, దానంతటదే అయిందా? ఎర్ర గీత ఇక పడదు, ప్రాజెక్టు మేనేజర్ దానికి ఇప్పటికీ ఒప్పుకోలేదు, క్వాలిటీ రిపోర్టులో మార్కులు తగ్గుతాయంటున్నాడు. తగ్గనీ.

నిన్న అదే ఆసుపత్రి నుంచి పన్నెండో కాగితం వచ్చింది, స్కానింగ్ రిపోర్టు వివరణ, డైలేటెడ్ బైల్ డక్ట్. గొట్టం, లోపల రాయి అడ్డుపడి దానంతటదే వెడల్పైంది. పైపులో చెత్త అడ్డుపడితే వెనక నీళ్లు నిలిచినట్టు. ఉబ్బింది అని రాస్తే కడుపుబ్బరం అనుకుంటారు, సాగింది అంటే ఇక తిరిగి రాదనుకుంటారు, రాయి తీస్తే చాలావరకు తగ్గుతుంది కాబట్టి అదీ వద్దు. "పైత్యరసం వచ్చే గొట్టం, దారిలో అడ్డు ఉండటం వల్ల, మామూలు కంటే వెడల్పుగా ఉంది" అని రాసి, పక్కన రిపోర్టులో ఉన్న మిల్లీమీటర్ల అంకె వేశాను. రేపు పొద్దున హాల్లో చదివి చూడాలి.